చెక్క లూర్‌ని అచ్చం పరిగెలా కనిపించేలా రంగులు వేయడం ఎలా?

లూర్ (చేపలను పట్టడానికి గాలానికి కట్టే నకిలీ చేప) చెక్కడం చాలామందికి పట్టుబడింది. ఆగిపోతున్నది రంగుల దగ్గరే. "వెండి రంగు వేస్తే సిమెంటు రంగులా ఉంది", "పొలుసులు రావడం లేదు", "రెండోసారి చెరువుకి వెళ్లేసరికి పెచ్చులు లేచిపోయాయి" అని తరచూ అడుగుతున్నారు. వాళ్లందరి కోసం మొత్తం పనిని వరుసగా రాస్తున్నాను.

నమూనాగా తోక మొదట్లో నల్ల చుక్క ఉండే పరిగెను తీసుకున్నాను. మన చెరువుల్లో, కాలవల్లో కొరమీనుకి అది రోజూ దొరికే తిండి. గుర్తులు తక్కువ, పొలుసులు పెద్దవి కాబట్టి నేర్చుకోవడానికి కూడా ఇదే అనువైనది. లూర్ పొడవు 7 సెంటీమీటర్లు అనుకుందాం. సముద్రం, ముఖద్వారాల దగ్గర వాడేవాళ్ల కోసం కవళ్లు, కానాగంతల మార్పులు చివర్లో ఉన్నాయి.

## 1. ముందు చేపను చూడండి

ఫోన్‌లో వెతికిన బొమ్మ చూసి రంగు వేయకండి. పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్లి తాజా పరిగెలు నాలుగు కొనండి. అక్కడే, తెల్ల పళ్లెంలో అవి మునిగేంత నీళ్లు పోసి, నీడలో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, పొట్ట వైపు నుంచి ఒకటి తీస్తే చాలు. ఇంటికి తెచ్చాక తీద్దామనుకుంటే అప్పటికి కళ్లు మసకబారి మెరుపు దిగిపోతుంది.

ఇప్పుడు ఒక చేపను చేతిలోకి తీసుకుని, తడిగా ఉండగానే దగ్గరగా చూడండి. వీపు నలుపు కాదు. పాచి ఆకుపచ్చలో కాస్త గోధుమ రంగు కలిసినట్టు ఉంటుంది. ఆ రంగు గీత గీసినట్టు ఒక్కచోట ఆగిపోదు, కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. వీపు దగ్గరి పొలుసులకు అంచులు ముదురుగా కనిపిస్తాయి. నడుం (ఒంటి ఎత్తులో సగం) దాటి కిందికి వస్తే అవే అంచులు దాదాపు మాయమవుతాయి. పొట్ట ముత్యంలా తెల్లగా ఉంటుంది. తోక మొదట్లో గుండ్రటి నల్ల చుక్క, వీపు రెక్క మొదట్లో ఇంకో చిన్న మచ్చ. కొన్నిటికి మొప్ప మూత మీద పలచటి బంగారు ఛాయ ఉంటుంది.

ఈ రంగుల అమరిక చేప దాక్కోవడానికే ఉంది. పై నుంచి చూస్తే వీపు చెరువు అడుగులో కలిసిపోతుంది, కింద నుంచి చూస్తే పొట్ట ఆకాశపు వెలుతురులో కలిసిపోతుంది. చేప పక్కకి ఒరిగినప్పుడే వెండి పక్క తళుక్కుమంటుంది. వేటాడే చేపకి ఆ తళుకే కనబడుతుంది. అందుకే ముదురు వీపు, మెరిసే పక్కలు, తెల్ల పొట్ట ఈ మూడూ కుదిరితే పని ముప్పావు వంతు అయినట్టే. రెక్కల మీద సన్న గీతల కోసం గంటలు పెట్టేవాళ్లని చూశాను. ఆ ఓపికంతా వీపు రంగు పలచబడే చోట పెట్టమని నా సలహా.

## 2. సామాన్ల చెక్‌లిస్ట్

- ఉప్పుకాగితం: 180, 320, 600 నంబర్లు
- శాండింగ్ సీలర్ (చెక్కలోకి నీళ్లు దిగకుండా వేసే పూత, ఫర్నిచర్ పాలిష్ సామాన్ల షాపులో దొరుకుతుంది)
- తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత)
- నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులు: తెలుపు, పెర్ల్ వైట్, వెండి, నలుపు, ఆలివ్ గ్రీన్, బ్రౌన్, బంగారు రంగు, ఎరుపు
- 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు సన్నగా చల్లే పరికరం), కంప్రెసర్. లేకపోతే మెత్తటి స్పాంజి ముక్కలు
- నెట్ గుడ్డ: పిల్లల ఫ్రాకుల లోపల వేసేది, లేదా దోమతెర ముక్క
- బట్టల క్లిప్పులు, మాస్కింగ్ టేపు, పాత ఎక్స్‌రే ఫిల్మ్
- నెమ్మదిగా గట్టిపడే రెండు డబ్బాల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత), సూది లేని సిరంజిలు రెండు
- మాస్కు, చేతి తొడుగులు, హెయిర్ డ్రయ్యర్

స్ప్రే చేసేటప్పుడు కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకోండి. ఉప్పుకాగితం దుమ్ముకి కూడా మాస్కు కావాలి. వంటింట్లో మాత్రం ఈ పని వద్దు.

## 3. చెక్కను సిద్ధం చేయడం

రంగు పెచ్చులుగా లేచిందంటే తప్పు చాలాసార్లు రంగులో ఉండదు. చెక్కలోకి నీళ్లు దిగి, చెక్క ఉబ్బి, పై పూతను లోపలి నుంచి నెట్టేస్తుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి లాంటి తేలిక చెక్కలతో చేసినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తేలిక చెక్క నీళ్లు తొందరగా పీల్చుకుంటుంది. బొమ్మల మీద అతుకులు పూడ్చడానికి వాడే చింతగింజల మక్కు బొమ్మకి చక్కగా పనికొస్తుంది కానీ నీళ్లలో నిలవదు. గుంటలుంటే ఎపాక్సీ పుట్టీతోనే పూడ్చండి.

వరుస ఇది:

1. 180తో మొదలుపెట్టి 320తో ముగించండి. చెక్క నార వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు రంగు కింద కనిపిస్తాయి.
2. తడిగుడ్డతో ఒకసారి తుడవండి. చెక్క నూగులా లేస్తుంది. బాగా ఆరనిచ్చి మళ్లీ 320తో తేలిగ్గా రుద్దండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. అప్పుడు ఆ నూగు ప్రైమర్ తడికి లేచి గరుకుగా తయారవుతుంది.
3. దారం, హుక్కులు తగిలించే స్టీలు రింగులు బిగించే రంధ్రాల్లో ముందు ఎపాక్సీ చుక్క వేసి, ఆ తర్వాతే రింగు తిప్పండి. నీళ్లు ఎక్కువగా దూరేది ఇక్కడి నుంచే.
4. సీలర్ మూడు పూతలు వేయండి. ప్రతి పూత పూర్తిగా ఆరాక 600తో పైపైన రుద్దండి.
5. ఇంట్లో గ్రాముల త్రాసు ఉంటే లూర్‌ని తూచి, రాత్రంతా నీళ్లలో ముంచి ఉంచి, పొద్దున తుడిచి మళ్లీ తూచండి. బరువు పెరిగితే ఎక్కడో నీళ్లు దిగుతున్నట్టే. ఎండాక ఇంకో రెండు పూతలు వేయండి.

తర్వాత అసలు వాడబోయే హుక్కులు తగిలించి పెద్ద బకెట్‌లోనో, తొట్టిలోనో ఈదించండి. ఒక పక్కకి ఒరుగుతుంటే ఇప్పుడే సరిచేయాలి. రంగులన్నీ వేశాక పొట్టలో సీసం సర్దాలంటే మొత్తం పాడవుతుంది. పై పూతతో బరువు కాస్త పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇప్పుడు అంచున తేలే లూర్ ఆ తర్వాత మునుగుతుంది.

మూతి దగ్గరి పారదర్శక రేకుకి (లూర్‌ని నీళ్లలో ఊగించేది) రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించేయండి.

## 4. ప్రైమర్

తెల్ల ప్రైమర్ పలచగా రెండు పూతలు. మొదటి పూతకే చెక్క మొత్తం కప్పాలని చూడకండి. అక్కడక్కడా చెక్క కనిపిస్తున్నా పర్వాలేదు, రెండోది కప్పేస్తుంది. పెర్ల్ రంగులు సగం పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కింద తెలుపు ఉంటేనే వెలుగు వెనక్కి తిరిగొచ్చి మెరుస్తాయి. వెండి రంగు సిమెంటులా కనిపిస్తోందన్నవారిలో ఎక్కువమంది దాన్ని నేరుగా చెక్క మీదో, బూడిద రంగు ప్రైమర్ మీదో వేశారు.

ఆరాక మాస్కింగ్ టేపు ముక్క గట్టిగా అంటించి లాగి చూడండి. ప్రైమర్ టేపుతో వచ్చేస్తే అంతా గీకి మళ్లీ వేయడమే. బాధగానే ఉంటుంది, కానీ ఈ దశలో పోయేది ఒక పూటే.

## 5. రంగు చిక్కదనం

ఎయిర్‌బ్రష్‌లోకి రంగు కాచని పాలంత పలచగా ఉండాలి. గిన్నె అంచుకి ఎక్కించి వదిలితే సన్నటి పొర మిగిల్చి జారాలి. పెరుగులా అంటుకుపోతే నాజిల్ మూసుకుపోతుంది, నీళ్లలా జారిపోతే లూర్ మీద కారుతుంది. గాలి ఒత్తిడి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, పాత కాగితం మీద చల్లి చూసి అటూ ఇటూ సర్దుకోండి. చుక్కలు చుక్కలుగా పడుతుంటే రంగు ఇంకాస్త పలచన చేయాలి.

ఎయిర్‌బ్రష్ లేనివారు నిరుత్సాహపడొద్దు. స్పాంజి ముక్కను రంగులో అద్ది, కాగితం మీద రెండుసార్లు ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాక లూర్ మీద తట్టండి. రుద్దకూడదు, తట్టాలి. పరిగె వీపుకి ఈ అద్దకం చాలా సహజంగా వస్తుంది. ఒక్కోసారి స్ప్రే కంటే బాగుంటుంది కూడా.

## 6. రంగుల వరుస

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ప్రతి మెట్టుకీ మధ్య హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడి మీద ఆరబెట్టి, లూర్ చల్లారాకే తర్వాతి రంగు వేయండి.

మొదటి మెట్టు: పెర్ల్ వైట్. లూర్ అంతటా పలచగా రెండుసార్లు.

రెండో మెట్టు: పొలుసుల అంచు రంగు. ఆలివ్ గ్రీన్‌లో కొంచెం నలుపు, కొంచెం తెలుపు కలిపి బూడిద ఛాయ ఉన్న ఆకుపచ్చ చేయండి. వీపు నుంచి నడుం దాకా వేయండి, నడుం దగ్గర పొగలా పలచబడాలి. పొట్ట మీద పడనివ్వొద్దు.

ఈ మెట్టు ఎందుకో చెబుతాను. నెట్ గుడ్డ చుట్టి స్ప్రే చేస్తే రంగు గుడ్డ రంధ్రాల్లోంచి పడుతుంది. దారం ఉన్నచోట కింది రంగు అలాగే మిగులుతుంది. అంటే పొలుసు కొత్త రంగు, అంచు పాత రంగు అవుతుంది. పరిగెకి పొలుసు వెండి, అంచు ముదురు. కాబట్టి ముదురు రంగు ముందు పడాలి, వెండి తర్వాత నెట్ మీదుగా పడాలి. చాలామంది తెల్ల లూర్‌కి నెట్ చుట్టి నలుపు కొడతారు. అప్పుడు నల్ల పొలుసులు, తెల్ల అంచులు వస్తాయి. ఏ పరిగె అలా ఉండదు.

మూడో మెట్టు: నెట్ చుట్టడం. పరిగె పక్క వరసలో మొప్ప నుంచి తోక దాకా సుమారు 25 పొలుసులుంటాయి. 7 సెంటీమీటర్ల లూర్‌కి తల, తోక పోను మిగిలేది సుమారు 5 సెంటీమీటర్లు. అంటే ఒక్కో పొలుసు 2 మిల్లీమీటర్లు. బట్టల షాపుకి స్కేలు పట్టుకెళ్లి ఆ కన్ను (రంధ్రం) ఉన్న నెట్ తీసుకోండి. వెల్లుల్లి అమ్మే వలసంచి కన్ను ఈ సైజుకి మరీ పెద్దది.

నెట్‌ని లూర్ చుట్టూ తిప్పి, అంచులు రెండూ పొట్ట కింద కలిపి, క్లిప్పులతో బిగించండి. ఎక్కడా ముడత ఉండకూడదు. గుడ్డకీ లూర్‌కీ మధ్య ఖాళీ ఉన్నచోట రంగు దారం కిందికి దూరి పొలుసులు మసకబారతాయి. రెండు పక్కలా గళ్లు ఒకే వాలులో ఉన్నాయో లేదో చూసుకోండి.

నాలుగో మెట్టు: వెండి. పక్కల మీద నిటారుగా, పలచగా, మూడు నాలుగు విడతలుగా కొట్టండి. ఒకేసారి తడిసేలా కొడితే దారం వెంట రంగు పారుతుంది. తల మీద, మొప్ప మూత మీద వెండి పొలుసులు రాకుండా ముందే టేపుతో కప్పండి, ఎందుకంటే పరిగె తల మీద పొలుసులుండవు. పూర్తిగా ఆరాకే క్లిప్పులు తీసి, గుడ్డను జరపకుండా పైకి లేపండి. గుడ్డ విప్పగానే వెండి పొలుసులు వరుసలుగా తేలి కనిపిస్తాయి. నాకు మొత్తం పనిలో ఇష్టమైన క్షణం అదే.

ఐదో మెట్టు: వీపు. ఆలివ్ గ్రీన్, బ్రౌన్ కలిపి బాగా పలచన చేసి, లూర్‌ని వీపు పైకి ఉండేలా పట్టుకుని పై నుంచి కొట్టండి. పక్క నుంచి కొట్టొద్దు. పై నుంచి కొడితే లూర్ గుండ్రటి ఒంటి వల్ల రంగు దానంతటదే పక్కలకి పలచబడుతుంది. పై వరస పొలుసులు ఆ రంగు కింద కాస్త కనిపిస్తూ ఉండాలి. మధ్య గీత మీద మాత్రం ఇంకో విడత ముదురుగా వేయండి.

ఆరో మెట్టు: పొట్ట. తిరగేసి పట్టుకుని, కింద నుంచి తెల్ల రంగు. నెట్ అంచుల దగ్గర మిగిలిన చెత్త మరకలన్నీ ఇక్కడ పోతాయి.

ఏడో మెట్టు: తల, మొప్పలు. మొప్ప మూతకి పెర్ల్ మీద బంగారు రంగు ఒక్క విడత, పొగలాగా. ఎక్స్‌రే ఫిల్మ్‌ని మొప్ప ఆకారంలో వంపుగా కత్తిరించి, దాని అంచున ఎరుపులో బ్రౌన్ కలిపి సన్నగా చల్లండి. అచ్చమైన ఎరుపు నెత్తురులా గాయంలా కనిపిస్తుంది. కావాలని అలా వేసేవాళ్లూ ఉన్నారు, నా మటుకు తక్కువే మేలు.

ఎనిమిదో మెట్టు: చుక్కలు. ఎక్స్‌రే ఫిల్మ్‌లో పంచింగ్ మెషిన్‌తో రంధ్రం చేయండి. ఆ రంధ్రం 7 సెంటీమీటర్ల లూర్‌కి కాస్త పెద్దదే, కాబట్టి సగానికి టేపు వేసి చిన్నది చేసుకోండి. ఫిల్మ్‌ని లూర్‌కి ఆనించకుండా రెండు మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని పలచటి నలుపు కొడితే చుక్క అంచు మెత్తగా వస్తుంది. ఆనించి కొడితే స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. తోక చుక్క రెండు పక్కలా ఒకేచోట రావాలి, ముందు పెన్సిల్‌తో కొలిచి గుర్తు పెట్టుకోండి.

## 7. కన్ను

చిన్న చేపల కన్ను తలతో పోలిస్తే పెద్దది. లూర్ మీద ఇంకాస్త పెద్దదిగా పెట్టినా తప్పులేదు, 5 మిల్లీమీటర్లు బాగుంటుంది. మూతికి దగ్గరగా, నడుం గీతకి కొంచెం పైన.

రెడీమేడ్ కళ్లు దొరక్కపోతే మేకు తలలు వాడండి. వెడల్పు తల ఉన్న మేకుని వెండి రంగులో ముంచి నిలువుగా ఆనించి ఎత్తితే గుండ్రటి వలయం పడుతుంది. ఆరాక చిన్న మేకుతో మధ్యలో నలుపు. రంగు చిక్కగా ఉండాలి. చేత్తో బ్రష్ పట్టి గుండ్రంగా గీయాలని చూస్తే రెండు కళ్లూ ఒకేలా రావు.

## 8. పై పూత

రంగులు వేశాక ఒక రోజు ఆగండి. తొందరపడి కొద్ది గంటలకే ఎపాక్సీ వేస్తే లోపలి తేమ చిక్కుకుని తెల్ల మచ్చలవుతాయి.

మొప్ప గీతలకో, సంతకానికో పర్మనెంట్ మార్కర్ వాడితే ఇంకా జాగ్రత్త. మూడు రోజులు కష్టపడి వేసిన నా లూర్ ఒకటి ఇలాగే పోయింది. మార్కర్‌తో గీసిన మొప్ప గీతలు ఎపాక్సీ తగలగానే కరిగి, వంకాయ రంగులో పొట్ట దాకా పారాయి. అప్పటినుంచి నీళ్ల ఆధారిత క్లియర్ వార్నిష్ పలచగా రెండుసార్లు వేసి, ఆరాకే ఎపాక్సీ పట్టుకుంటున్నాను.

ఎపాక్సీ వేసే పద్ధతి:

1. రెండు ద్రవాలనూ డబ్బా మీద రాసిన పాళ్లలో కొలవండి. ఒక్కోదానికి ఒక్కో సిరంజి, వాటిని ఎప్పుడూ మార్చొద్దు. ఈ సైజు లూర్‌కి మొత్తం 3 మిల్లీలీటర్లు చాలు. అంచనాతో పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోవచ్చు.
2. రెండు నిమిషాలు నెమ్మదిగా కలపండి, గిన్నె అంచులు గీకుతూ. గిలక్కొడితే బుడగలు వస్తాయి.
3. మెత్తటి బ్రష్‌తో ముందు రింగుల చుట్టూ, రేకు అతుకు దగ్గర, తర్వాత ఒంటికి పూయండి.
4. హెయిర్ డ్రయ్యర్ గాలి ఒక్క క్షణం తగిలిస్తే పై బుడగలు పగిలిపోతాయి.
5. నెమ్మదిగా తిరిగే మోటారుకి తగిలించండి. మోటారు లేకపోతే పక్కనే కూర్చుని, ఎపాక్సీ పారడం ఆగేదాకా రెండేసి నిమిషాలకి తల కిందులుగా, మళ్లీ నిటారుగా తిప్పుతూ ఉండాలి.
6. ఒక రోజు దుమ్ము పడకుండా కప్పి ఉంచండి. హుక్కులు తగిలించడానికి ఇంకో రెండు మూడు రోజులు ఆగండి.

వాన ముసురు పట్టిన రోజుల్లో ఎపాక్సీ వేయకపోవడం మంచిది. గాలిలో తేమ ఎక్కువైతే పైన జిడ్డు పొర కడుతుంది. అలా అయితే గట్టిపడ్డాక సబ్బునీళ్లతో కడిగి, 600తో రుద్ది ఇంకో పూత వేయండి.

## 9. తప్పులు, సవరణలు

- పొలుసులు ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా: నెట్ వదులైంది. మసక పక్కకి మళ్లీ అంచు రంగు వేసి, ఆ పక్కే నెట్ బిగించి కొట్టండి.
- వీపుకీ పక్కకీ మధ్య గీత: పక్క నుంచి కొట్టారు. ఆ గీత మీద పెర్ల్ పలచగా చల్లి, మళ్లీ పై నుంచి వీపు రంగు.
- నారింజ తొక్కలా గరుకు: రంగు గాలిలోనే ఆరిపోతోంది. మన ఎండల్లో ఇది మామూలే. దగ్గరి నుంచి కొట్టండి, రంగు ఇంకాస్త పలచన చేయండి, పని పొద్దున్నే పెట్టుకోండి.
- ఎపాక్సీలో చేపకన్నుల్లా గుంటలు: వేలి జిడ్డు. రంగు మొదలయ్యాక లూర్‌ని రింగులకి కట్టిన తీగతోనే పట్టుకోండి.
- మెరుపు అస్సలు లేదు: వెండి చిక్కగా పడింది. దాని మీద పెర్ల్ వైట్ ఒక పలచటి విడత.

## 10. కవళ్లు, కానాగంతలు కావాలంటే

పండుగప్ప కోసం కవళ్లలా వేయాలంటే వీపు నీలం కలిసిన ఆకుపచ్చ, పక్కలు వెండి మీద పలచటి బంగారు మెరుపు. మొప్ప మూత వెనక అంచున ఒక నల్ల చుక్క. పొలుసులు పరిగె కంటే సన్నవి కాబట్టి సన్న కన్ను నెట్ తీసుకోండి.

కానాగంతకి నెట్ అసలు వద్దు. దాని పొలుసులు కంటికి ఆననంత చిన్నవి. వీపు వైపు పొడవునా నడిచే ముదురు చారలే దాని గుర్తు. వాటిని ఫిల్మ్ అంచుతో మెత్తగా కొట్టాలి. పక్క రెక్క కింది అంచు దగ్గర ఒక నల్ల మచ్చ మరిచిపోకండి.

వాగు నీళ్లు ఎర్రగా, బురదగా ఉన్న రోజుల కోసం ఇంకో లూర్ విడిగా చేసుకోండి. ఆ నీళ్లలో పొలుసులు ఎవరికీ కనిపించవు. వీపు ఇంకా ముదురుగా, పొట్ట పూర్తి తెలుపుగా, చుక్క పెద్దదిగా ఉంటే చాలు.

## 11. చెరువుకి తీసుకెళ్లే ముందు

- రేకు మీది టేపు తీశారా? అంచున ఎపాక్సీ ముద్దలు బ్లేడుతో గీకారా?
- రింగుల్లో ఎపాక్సీ పేరుకోలేదు కదా?
- బకెట్‌లో రెండోసారి ఈదించారా?
- నీళ్లలో ముంచి, పై నుంచీ పక్క నుంచీ మీ పరిగె ఫొటోతో పోల్చారా?

పిల్లల గుంపుకి కాపలా కాస్తున్న కొరమీను కనిపిస్తే ఆ చోట లూర్ వేయకండి. అది దేన్నైనా కొడుతుంది, దాన్ని పట్టేస్తే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

కొరమీను పళ్లు పూతను గీరుతాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, వెలుతురులో తిప్పి చూడండి. చెక్క దాకా దిగిన గాటు ఉంటే నీడలో రెండు రోజులు పూర్తిగా ఎండనిచ్చి, గాటులో ఎపాక్సీ చుక్క వేసి మూసేయండి. తడి మీద మూస్తే లోపలే కుళ్లుతుంది. రంగు పోయిన చోట స్పాంజితో అద్దుకుంటే సరిపోతుంది.